నీలం పీలిక

పోగు అనేది ఊరికే గాల్లో పుట్టదు, ఎక్కడో మొదలై ఏదో ఒక దారిన వచ్చి ఉండాలి, దారి కనిపించలేదంటే దారి లేదని కాదు, చూసేవాళ్ళు నిలబడాల్సిన చోట నిలబడలేదని; అందుకే కదా ఈ పటం గీసింది, అందుకే కదా నాలుగు ఆదివారాలు గది తలుపు వేసుకుని కూర్చున్నది. సోమవారం ఉదయం మీటింగు గదిలో అందరూ తన వీపు వైపే చూస్తున్నారని బాలత్రిపురసుందరికి తెలుసు. తెలిసే వెనక్కి తిరగలేదు.

ఆమె ఎదురుగా గోడ మీద ఆరడుగుల పటం. ఎడమ చివర రైతు, ఆ తర్వాత యార్డు, లారీ, కోల్డ్ స్టోరేజీ, తొడిమల షెడ్డు, జల్లెడ, ప్యాకింగు. కుడి చివర కంటైనరు. ఒక్కొక్కటీ ఒక గడి. గడికీ గడికీ మధ్య బాణం గుర్తులు. ఏటుకూరు రోడ్డులోని ఈ మిరపకాయల కంపెనీలో పదకొండేళ్ళుగా ఆమె ల్యాబ్ ఇన్‌చార్జి. పదేళ్ళు ఆమెని ల్యాబ్ గది దాటి ఎవరూ పిలవలేదు. తేమ ఎంత, ఘాటు ఎంత, రంగు ఎంత అని అంకెలు రాసి పంపేది. ఆ అంకెల మీద వేరేవాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. పోయినేడు యజమాని నాగేంద్రబాబు హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చి, కంపెనీ అంటే ఒక ఒళ్ళు అని చెప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి వేరు, కాలు వేరు అని చూడకూడదు, మొత్తంగా చూడాలి అన్నాడు. మొత్తంగా చూసే మనిషి మీరేనండీ సుందరిగారూ, అని పటం పని ఆమెకి అప్పగించాడు.

నిజానికి ఆ మాట వల్ల మంచే జరిగింది. కోల్డ్ స్టోరేజీవాళ్ళూ ప్యాకింగువాళ్ళూ ఒకరినొకరు తిట్టుకోవడం మానేశారు. షెడ్డుకి కొత్త రేకులు పడ్డాయి, చల్లని నీళ్ళ మిషను వచ్చింది. నాగేంద్రబాబు కూలీల పేర్లు కూడా నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆయన బల్ల మీద చిన్న ప్లాస్టిక్ సంచీ పెట్టాడు. పోయిన నెల వెళ్ళిన సరుకులో, తొడిమ తీసిన కాయల మధ్య, విదేశంలో కొన్నవాళ్ళకి తెల్లటి పోగులు దొరికాయి. వాటిలో కొన్ని తిరిగి పంపారు. శనివారం కంటైనరు బయల్దేరేలోపు ఒక ఉత్తరం వెళ్ళాలి. పోగు దేనివల్ల వచ్చింది, ఏం చేశాం, అని ల్యాబ్ ఇన్‌చార్జి సొంత చేత్తో రాసి, కారణమైన వస్తువు తునక ఒకటి జతచేసి పంపాలి. కుదరకపోతే ఈ సీజనులో ఇక కొనరు.

ఆమె వేలు పటం మీద కుడి నుంచి ఎడమకి నడిచింది. ప్యాకింగు దగ్గర ఆగలేదు. జల్లెడ దగ్గర ఆగలేదు. తొడిమల షెడ్డు దగ్గర ఆగింది. ఆ ఆగడంలో ఒక సుఖం ఉంది. తాళంచెవి సరిగ్గా పడినప్పుడు మణికట్టుకి తెలిసే సుఖం.

"ఇక్కడండీ," అంది. "ఆడవాళ్ళు వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టుకుంటారు. అవి అరిగి పోగులు రాలతాయి."

గదిలో అందరూ ఊపిరి వదిలారు. మీటింగుకి ముందు ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు ఆ పోగుని అంటుకుని గోధుమరంగు పొట్టు లాంటిదేదో కనిపించిన సంగతి ఆమెకి ఆ క్షణంలో గుర్తుంది. మిరప గింజ పొట్టయి ఉంటుందని మనసు చెప్పింది. ఆమె ఒప్పుకుంది.

షెడ్డులో ఎనభై మంది ఆడవాళ్ళు పీటల మీద వరసలుగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ముందు ఎర్రటి కుప్ప. కాయ విరగకుండా ముందు రోజే నీళ్ళు చిలకరించి ఉంచుతారు కాబట్టి షెడ్డంతా తడి ఘాటు. ఎడమచేత్తో కాయ పట్టుకుని, కుడిచేతి బొటనవేలి గోటితో తొడిమ మొదట్లో నొక్కి తుంచాలి. నిమిషానికి నలభై, యాభై కాయలు. తొడిమ ఒళ్ళోకి, కాయ తట్టలోకి. ఆ బొటనవేలికీ చూపుడువేలికీ ప్రతి ఆడమనిషీ పాతచీర పీలిక చుట్టుకుంటుంది. కొత్తగా చేరిన మనిషికి మొదటి రోజు వరసలో పెద్దామె తన చీర చించి, తనే చుట్టి ముడివేస్తుంది. ఆ ముడి పడేదాకా కొత్తమనిషి కాయ ముట్టుకోదు. సాయంత్రం పీలికలు ఉతికి కంచె తీగకి ఆరేసి వెళ్తారు. ఎవరి రంగు ఎవరిదో అందరికీ తెలుసు.

మూడో వరసకి పెద్ద ఎలీసమ్మ. పక్కనే ఆమె కోడలు జెస్సీ. జెస్సీ పీలికలు నీలం రంగువి, ఎలీసమ్మ చీర అంచువి. ఐదు నెలల పిల్ల సైకిల్ స్టాండు రేకుల కింద ఉయ్యాలలో ఉంటుంది. రోజుకి మూడుసార్లు జెస్సీ లేచి, పీలికలు విప్పి, కొబ్బరినూనె సీసాలోంచి నాలుగు చుక్కలు వేసుకుని చేతులు రుద్దుకుని, తలకి తుడుచుకుని, పాలివ్వడానికి వెళ్తుంది.

బాలత్రిపురసుందరి ప్లాస్టిక్ తొట్టి పట్టుకుని వరస వెంట నడిచింది. పీలికలన్నీ అందులో వెయ్యమంది. నూనె సీసాలు కూడా. కాయకి నూనె అంటితే అదింకో ఫిర్యాదు. జుట్టు రాలకుండా టోపీలు తియ్యకూడదు. చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గర సబ్బు ఉంది, ఎలా కడుక్కోవాలో బొమ్మలతో బోర్డు పెట్టిస్తున్నాను అని ఓపిగ్గా చెప్పింది. తన గొంతు తనకే బాగుందనిపించింది.

ఎలీసమ్మ ముడి విప్పడానికి పళ్ళు వాడింది. "చేతి తొడుగులు ఇస్తారా మేడంగారూ?"

ఇస్తామంది. రబ్బరు తొడుగులు మధ్యాహ్నానికే వచ్చాయి. వాటితో తొడిమ గోటికి అందలేదు. చెమట పట్టి, లోపలికి దిగిన ఘాటు అక్కడే ఉండిపోయి మరింత మండింది. సాయంత్రానికి తొడుగులన్నీ కంచె తీగ మీదే వేలాడాయి.

నీలం పీలిక ఒకటి ఆమె తొట్టిలోంచి తీసి, ప్లాస్టిక్ సంచీలో వేసి, ఉత్తరం కోసం సొరుగులో పెట్టుకుంది. ఎందుకు నీలమే తీసిందో ఆలోచించలేదు. పైన ఉంది.

మంగళవారం షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. మామూలుగా వరసల్లో ఎవరో ఒకరు ఎవరి మొగుణ్ణో వెక్కిరిస్తూ ఉంటారు, లేకపోతే ఆదివారం గుళ్ళో పాడిన కీర్తన సన్నగా తీస్తూ ఉంటారు. ఆరోజు తుంచిన ప్రతి పదికాయలకీ వేళ్ళు గాల్లో విదిలించుకుంటున్నారు. పదకొండింటికి జెస్సీ లేవడం ఆమె ల్యాబ్ కిటికీలోంచి చూసింది. జెస్సీ చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, కొత్తగా మైదాకు పెట్టుకున్న పిల్లలా నడిచింది. కొళాయి దగ్గర బోర్డు వైపు చూసింది. సబ్బు రుద్దింది, కడిగింది, మళ్ళీ రుద్దింది, మళ్ళీ కడిగింది. వేళ్ళ సందులు కూడా, బొమ్మలో ఉన్నట్టే. బాలత్రిపురసుందరికి తృప్తి కలిగింది. ఒక మాట అక్కడ బోర్డు మీద పుట్టి ఇక్కడ ఒక మనిషి చేతుల్లోకి వచ్చింది. పటంలో బాణం గుర్తు అంటే ఇదే.

కాసేపటికి పిల్ల ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదని పిల్లల్ని కనని మనిషికి కూడా తెలిసేటట్టుగా ఉంది. ఆమె లేచి కిటికీ వేసి, ఏసీ శబ్దంలో తేమ అంకెలు రాసుకుంది.

బుధవారం జెస్సీ పీట ఖాళీ. పిల్లకి ఒంట్లో బాగాలేదంట అని పక్కవరసవాళ్ళు చెప్పారు. ఎలీసమ్మ వచ్చింది గానీ తల ఎత్తలేదు. గురువారం ఎలీసమ్మ కూడా రాలేదు.

గురువారం సాయంత్రం ఆరు దాటాక బాలత్రిపురసుందరి బ్రాడీపేటలో ఆటో దిగింది. ఆమె గది ఒక కోచింగు సెంటరు పైన రెండో అంతస్తులో. కింద పిల్లలు సూత్రాలు వల్లెవేస్తుంటారు. ఎదురుగా కంటి ఆసుపత్రి. ఆసుపత్రి మెట్ల మీద ఎలీసమ్మ కూర్చుని ఉంది. పక్కన జెస్సీ ఒళ్ళో పిల్ల. పిల్ల కుడికంటికి తెల్లటి కట్టు. ఆ కట్టు లాక్కోకుండా రెండు చిన్న పిడికిళ్ళకీ గుడ్డ చుట్టారు. నీలం గుడ్డ. అదే చీర.

ఆమె రోడ్డు దాటలేదు. అరటిపళ్ళ బండి ఒకటి అడ్డం వచ్చింది, బండి కదిలేదాకా ఆగుదామనుకుంది. బండి కదిలాక స్కూటర్లు వచ్చాయి. స్కూటర్లు పోయాక కూడా అక్కడే ఉంది. వాళ్ళు తనని చూడలేదు కదా, మెట్లెక్కి తలుపేసుకుంటే చాలు అని ఒక ఆలోచన వచ్చింది. అది తన ఆలోచనే అని గుర్తుపట్టాక ఆమె కాళ్ళు కదిలాయి.

ఎలీసమ్మ లేవబోయింది. వద్దని ఆమె చేయి ఊపింది. ఏమైందని అడిగింది, తెలియనట్టు.

"పాలు తాగేటప్పుడు అమ్మ వేళ్ళు పట్టుకుని ఆడద్ది మేడంగారూ. ఆ చేత్తోనే కన్ను నలుపుకుంది. మండేసరికి గోళ్ళతో గీరేసుకుంది. ఊళ్ళో ఒక రోజు పసరు పోశాం, ఆ తప్పు మాదే. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. మానినా తెల్లమచ్చ ఉంటదంట. ఆ కంటికి చూపు ఎంతుంటదో ఇప్పుడే చెప్పలేరంట."

ఆ గొంతులో నింద లేదు. వరుసగా, కుప్పలోంచి కాయలు తీసినట్టు చెప్పింది. జెస్సీ మాత్రం తల ఎత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది.

"కడుక్కునే పట్టుకున్నానండీ," అంది. "సబ్బుతో రెండుసార్లు. మీ బోర్డులో ఉన్నట్టే."

మిరప ఘాటు నీళ్ళకి కరగదు. సబ్బుకి సరిగ్గా పోదు. నూనెకైతే కరుగుతుంది. ఇది బాలత్రిపురసుందరి ఎమ్మెస్సీ రెండో ఏడు ప్రయోగశాలలో తన చేత్తో చేసి చూసిన విషయం. ఎలీసమ్మకి ఏ ఏడాదీ ఎవరూ చెప్పలేదు, అయినా కొబ్బరినూనె సీసా ఆమె పీట కింద ఉండేది. ఆ సీసాని తొట్టిలో వెయ్యమన్నది తను.

గదిలోకి వెళ్ళి దీపం వెయ్యకుండా మంచం మీద కూర్చుంది. కింద పిల్లలు ఏదో సూత్రం అంటూనే ఉన్నారు. తన పటాన్ని మనసులో మళ్ళీ గీసుకుంది. రైతు, యార్డు, లారీ. ఏ గడిలోనూ ఉయ్యాల లేదు. ఉయ్యాల కంపెనీది కాదు కదా, పటంలో ఎలా ఉంటుంది అని తనకి తనే జవాబు చెప్పుకుంది. ఆ జవాబు తప్పని రుజువు చేయలేకపోయింది. అదే ఆమెని భయపెట్టింది.

శుక్రవారం అందరికన్నా ముందే ల్యాబ్‌కి వెళ్ళి, తిరిగొచ్చిన పోగుని గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శిని కిందకి తోసింది. సొరుగులోంచి నీలం పీలిక తీసి, దాని పోగు కూడా ఒకటి లాగి పక్కన పెట్టింది. ఒక చూపు చాలింది. పీలిక పోగు నీలం, అది మర మీద వడికిన దారం. చిన్న పోగులు ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉన్నాయి. రెండోది తెల్లది, ఎప్పుడూ వడకనిది, చెట్టు మీద ఉన్నట్టే ఉంది. దాన్ని అంటుకుని ఉన్నది మిరపగింజ పొట్టు కాదు. పత్తిగింజ పొట్టు. ఈ నేల మీద పుట్టి పెరిగిన ఏ పిల్లయినా చెబుతుంది. మిరప పక్కనే పత్తి వేసే ఊళ్ళోనే తనూ పుట్టింది.

సోమవారం కూడా ఇదే కనిపించింది. కళ్ళకి కాదు తెలియనిది.

లారీ వెనక సరుకు దించే అరుగు దగ్గర ఆగి ఉంది. డ్రైవరు ఖాజావలి టీ తాగుతూ టైరు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఆమె వెనక్కి ఎక్కి, లారీ అడుగున పరిచిన బల్లల సందుల్లో వేలు పెట్టి గీకింది. ఒక వేలికి సరిపడా దూది ఊడొచ్చింది, మధ్యలో గోధుమరంగు పొట్టుతో.

"ఇందులో పత్తి వేస్తారా?"

"రోజూ మేడం. పొద్దున పేట దగ్గర సార్ బావమరిది మిల్లుకి పత్తి, మధ్యాహ్నం నుంచి మనకి కాయలు. సీజనంతా అంతేగా." ఖాజావలి గ్లాసు కింద పెట్టాడు. "నేను సార్‌కి ఎప్పుడో చెప్పా. పట్టా పరవమన్నారు. ఆ పట్టాకే దూది అంటుకుంటుంటే ఎవురు దులుపుతారు?"

"ఎప్పుడు చెప్పావు?"

"కాయలు మొదలైనప్పుడే. మాఘంలో."

శనివారం ఉదయం నాగేంద్రబాబు గదిలో ఆమె రెండు సంచులు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో నీలం పీలిక, ఇంకోదాంట్లో దూది. పిల్ల సంగతి ముందు చెప్పింది. ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. ఏ ఆసుపత్రి అని అడిగి, ఫోను తీసి, ఆ వైద్యమంతా కంపెనీ చూసుకుంటుందని ఎవరికో చెప్పాడు. ఆ తర్వాత దూది ఉన్న సంచీని ఒక వేలితో ఆమె వైపు జరిపాడు.

"ఇది నాకు తెలుసండీ."

ఆయన కోప్పడలేదు. తరగతిలో తెలివైన విద్యార్థికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆ లారీ బావమరిది మిల్లుది. కోల్డ్ స్టోరేజీలో సగం వాటా వాళ్ళదే. లారీ అని రాస్తే కొనేవాడు లారీ దగ్గర ఆగడు, స్టోరేజీ చూస్తానంటాడు, అక్కడ వాళ్ళ పత్తి బేళ్ళున్నాయి. అక్కడితో బావమరిది పక్కకి తప్పుకుంటాడు, స్టోరేజీ పోతుంది, స్టోరేజీ లేకపోతే షెడ్డు లేదు, ఎనభై మంది ఇళ్ళకి పోతారు. అదే పీలికలు అని రాస్తే, తీసేశాం, అయిపోయింది.

"మొత్తంగా చూడమని నేను చెప్పింది ఇదేనండీ సుందరిగారూ. దెబ్బ వచ్చేటప్పుడు మనిషి చెయ్యి అడ్డం పెడతాడు. కన్ను అడ్డం పెట్టడు గదా."

అన్నాక ఆయనకే ఆ మాట వినిపించినట్టుంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాయాల్సింది మీరే. మీ అక్షరం మీదే వాళ్ళకి నమ్మకం. పదకొండింటికి కొరియరువాడు వస్తాడు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మెట్లు దిగుతూ ఒక్కొక్క గడినీ మళ్ళీ తడిమి చూసుకుంది. ఏ బాణమూ తప్పు కాదు. ఆయన పటం తన పటంకన్నా పెద్దది. అందులో బావమరిది ఉన్నాడు, బావమరిది కోపం ఉంది, రేపటి షెడ్డు ఉంది. అంత పెద్ద పటంలోనూ ఉయ్యాలకి చోటు లేదు. దెబ్బ తినే చోటుగా తప్ప. ఇంకా పెద్దది గీసినా అంతేనేమో. ఎంత దూరం నుంచి చూస్తే అంత సులువుగా ఎవరినో ఒకరిని అడ్డం పెట్టవచ్చు. సోమవారం తన వేలు ఆగింది కూడా అలాగే; మిగతా గడుల్లో ఎదురు మాట్లాడేవాళ్ళున్నారు కాబట్టి.

తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళాల్సిన మనిషి షెడ్డులోకి వెళ్ళింది. మూడో వరసలో జెస్సీ పీట ఖాళీగా ఉంది. ఎలీసమ్మ ఆరోజు వచ్చింది. ఆ ఇంట్లో కూలికి వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. బాలత్రిపురసుందరి ఆ పీట మీద కూర్చుంది. చుట్టూ చేతులు ఆగాయి. ఎలీసమ్మ తన కుప్పలోంచి రెండు దోసిళ్ళ కాయలు ఆమె ముందుకి తోసి, మళ్ళీ తన పనిలో పడింది.

మొదటి కాయ విరిగింది. రెండోదీ విరిగింది. ఎలీసమ్మ తల తిప్పకుండానే, కిందుగా నొక్కాలండీ, అంది. నాలుగోది సరిగ్గా తెగింది. ఇరవై కాయల దాకా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత గోటి కింద వేడి మొదలైంది. మొదట వెచ్చగా, ఎండలో ఇనుము ముట్టుకున్నట్టు. ఆ తర్వాత అది వేలి లోపలికి దిగి గుండెతో పాటు కొట్టుకోవడం మొదలెట్టింది. కంటి మూల దురద పుట్టింది. చెయ్యి దానంతటదే లేచింది. చెంప దాకా వచ్చాక ఆపుకుంది. చూస్తే ఎలీసమ్మ తన చేతినే చూస్తోంది.

"పెట్టమాకండి," అంది ఎలీసమ్మ.

"జెస్సీ మళ్ళీ వస్తుందా?"

"రాదండీ. ప్రత్తిపాడు వైపు కూలీల ముఠా పోతంటే, పిల్లకి కాస్త తగ్గాక కాయ కోతకి పోతానంది. అక్కడ చేతికి ఏం కట్టుకున్నా అడిగేవాళ్ళుండరంట."

ఆమె లేచింది. కొళాయి దగ్గర ఆగలేదు.

ల్యాబ్‌లో ఉత్తరం బల్ల మీద ఉంది. అంతా టైపు చేసి ఉంది, కారణం అన్నచోట మాత్రం రెండు గీతల ఖాళీ. గడియారం పదిన్నర. కిందనుంచి కంటైనరు తలుపులు తెరుస్తున్న ఇనుప చప్పుడు వస్తోంది. ఈ రెండు గీతల్లో తను ఏం రాసినా పిల్ల కంటి మీద మచ్చ పోదు. జెస్సీ తిరిగి రాదు. తనకి సోమవారం ఈ గది ఉండదు. నాగేంద్రబాబు చెప్పినట్టు షెడ్డు కూడా ఉండకపోవచ్చు. అప్పుడు ఎనభై మంది తన పేరు పెట్టి ఏడుస్తారు. అది కూడా నిజమే కావచ్చు. ఏ వైపు నుంచి చూసినా మొత్తం ఎప్పుడూ తన చేతికి అందేది కాదు. చేతిలో ఉన్నది ఒక పోగు. అది పత్తి.

కలం పట్టుకుంటే బొటనవేలు మండి జారింది. మళ్ళీ పట్టుకుంది. పత్తి, అని రాసింది. లారీ బల్లల సందుల్లోది. ఇంకో గీత మిగిలింది. పీలికలవల్ల కాదు, అని దాంట్లో రాసి, కింద పేరు పూర్తిగా, బాలత్రిపురసుందరి అని, పొట్టి సంతకం కాకుండా, పెట్టింది.

నాగేంద్రబాబు కవరులో ముందే వేయించి పంపిన సంచీని బయటికి తీసింది. అందులోంచి నీలం పీలిక తీసి బల్ల మీద పెట్టి, దాని చోట తన వెంట తెచ్చుకున్న దూది పెట్టి, ఉత్తరంతో పాటు సంచీ కవరులో వేసింది. కవరు నోటికి జిగురు కాగితం ఉంది. దాన్ని ఒలిచి, మడతపెట్టి, మండుతున్న బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరికి నొక్కుకుంటూ వెళ్ళింది.